గాలితిత్తికి ఏడు చిల్లులు

మార్చి 11. ఉతికిన బట్టలు పద్దెనిమిది, కుట్టిన బొత్తాలు నాలుగు, తుడిచిన గదులు మూడు.

నాణెం వేస్తే తనంతట తానే మోగే పాత పియానో మా ఆయన దగ్గరికి బాగుకొచ్చింది. లోపలి చెక్కమీద అంకె వెతికి, అదెప్పుడు పుట్టిందో కనిపెట్టి మురిసిపోయారు. నా పుట్టినరోజు మాత్రం ఆయనకు ఏ ఏడూ గుర్తుండదు.

ఒళ్లు మండి, నిన్న దాన్ని మోగించే గాలితిత్తిని సూదితో ఏడుచోట్ల పొడిచాను.

ఈరోజు నాణెం వేస్తే ఉసూరుమంది. ఆయన తిత్తి విప్పి చూసి, జిగురుగిన్నె నా ముందు పెట్టారు.

"పొడిచిన చేత్తోనే అతికించవోయ్."

"ఎలుక కొట్టిందేమో!"

"ఇంత వరసగా పొడిచే ఎలుక మనింట్లో ఒక్కటే ఉంది."

పక్కపక్కన కూర్చుని ఏడూ అతికించాం. పని ముగిశాక లోపల తన పేరు రాసుకోవడం ఆయన అలవాటు. ఈసారి నా పేరు రాశారు. పెన్సిలు ఎత్తకుండానే, "నీ పుట్టిన తేదీ చెప్పు," అన్నారు.

చెప్పాను. బాకీ చెల్లు.