గ్రైండరు సాక్ష్యం

గుర్తింపు కార్డులకు కాలం చెల్లి, ఇంట్లో పాత వస్తువులు సాక్ష్యమిస్తేనే విమానం ఎక్కనిచ్చే రోజులవి. మనుషులైతే అబద్ధమాడతారు, ఫ్రిజ్జులు ఆడవుగా! అది తెలిసి కూడా భీమశంకరం దసరా ఎక్స్ఛేంజ్ మేళాలో మంచంతో సహా దాదాపు అన్నీ మార్చేశాడు. ఇవాళ సాయంత్రమే విశాఖలో మేనకోడలి పెళ్లి. పిల్లను గంపలో మోసుకెళ్లాల్సిన మేనమామ ఆయనే.

ఎయిర్‌పోర్టు గేటు దగ్గర సెక్యూరిటీ అమ్మాయి ఇంటికి ఫోను కలిపింది.

"నేనొచ్చి రెండ్రోజులే. అమ్మగారు తెలుసు, ఈ సారెవరో తెలీదు," అంది కొత్త ఫ్రిజ్జు చల్లగా.

ఇక మిగిలిన పాత సామాను గ్రైండరొక్కటే.

"నేనే, భీమశంకరాన్ని!" అన్నాడాయన ఆశగా.

"ఇంకో రెండట్లు వెయ్యమని అరిచే గొంతు ఇదే. మొహం మాత్రం ఇరవయ్యేళ్లలో వంటింట్లో చూళ్లేదు," అని గ్రైండరు ఆయన పరువును కూడా మెత్తగా రుబ్బేసింది.

"గొంతు చెల్లదు సార్. ఇంట్లో ఇంకేం పాతవి లేవా మేడమ్?"

"ఈయనొక్కరేనమ్మా," అంది పక్కనే ఉన్న భార్య హైమవతి. "మేళాలో అడిగాను. తీసుకోం అన్నారు."

ఆ అమ్మాయి జాలిపడి ఆయన మణికట్టుకు లగేజీ చీటీ కట్టింది. భీమశంకరం పెట్టెల మధ్య బెల్టు మీద కూర్చుని లోపలికి సాగిపోతుంటే, వెనకనుంచి హైమవతి కేక వినబడింది.

"పైన బరువులేమీ వెయ్యకండి బాబూ! సాయంత్రం గంప మొయ్యాలి!"