కారుకు ఊదిన ఊపిరి

కారు యంత్రం గొట్టంలో ఊదినప్పుడు డ్రైవరు ఊపిరిలో మద్యం వాసన తగిలితే ఇప్పుడు ఏ కారూ కదలదు. అందుకే ఆ మధ్యాహ్నం పెళ్లి భోజనాలయ్యాక తాగి ఉన్న తమ్ముడు ఫణీంద్ర, "నువ్వు ఊదవే అక్కా, నేను నడుపుతా" అన్నాడు. అంతకుముందూ చాలాసార్లు ఊదాను. నాకు నడపడం రాదు. తణుకు మలుపులో సైకిలు మీద వస్తున్న ఝాన్సీని మా కారు గుద్దింది. ఏడో తరగతి, నా క్లాసే. అక్కడే నా కళ్లముందే ప్రాణం పోయింది.

కోర్టు వరండాలో లాయరు వీరభద్రంగారు గొంతు తగ్గించి చెప్పారు. "కారు రికార్డులో మద్యం లేదు టీచరుగారూ. ప్రమాదమంటే జరిమానాతో పోతుంది. ఊదింది మీరంటే ఇద్దరికీ జైలే. ఊపిరి ఎవరిదో యంత్రం గుర్తుపడుతుంది గానీ, ఎవరి ఊపిరని ఎవరూ అడగరు, మీరు నోరు విప్పకండి."

"నీ చేతుల్లో పెరిగానే అక్కా," అన్నాడు ఫణి.

లోపల ఝాన్సీ వాళ్లమ్మ నా పక్కకొచ్చి కూర్చుంది.

"పోయేటప్పుడు మా పిల్ల మిమ్మల్ని గుర్తుపట్టిందా టీచరమ్మా?"

"గుర్తుపట్టిందమ్మా."

జడ్జిగారు నన్ను పిలిచారు. బోనెక్కాను. బల్లమీద సాక్ష్యంగా ఉంచిన మా కారు యంత్రం గొట్టం అందుకుని ఊదాను.

"నమస్కారం," అంది యంత్రం. "కిందటిసారి నడిపిన డ్రైవరు మీరే. మద్యం లేదు. బయలుదేరవచ్చు."