ఎర్రటి వలయం

అన్యాయం జరిగింది ఎవరికి? లిగాయాకు. చేసిందెవరు? సెవెరీనా. ఏడేళ్ల కిందట పటేరోస్ ఊళ్లో, బాతుగుడ్లు పొదిగించే ఈ కొట్టంలోనే బుట్టెడు గుడ్లు పాడైతే, పిండం కట్టని గుడ్లను ఏరడం లిగాయాకు చేతకాలేదని పనివాళ్లలో పెద్దదైన సెవెరీనా నింద వేసింది. గుడ్డు లోపలిది వెలుగులో చూసే దీపపు పెట్టె ముందరి పీట మీది నుంచి ఆమెను లేపి, గుడ్లకు వెచ్చదనమిచ్చే వడ్లు వేయించే పొయ్యి దగ్గరికి తోలింది. ఆ పీట తాను తీసుకుంది.

ఈ ఉదయం మరో బుట్ట పోయింది. సెవెరీనా దీపానికి అడ్డుపెట్టిన ప్రతి గుడ్డులోనూ ఎర్రటి వలయం కనిపించింది. పిండం కట్టి, వేడి ఎక్కువై చచ్చిన గుడ్డుకే ఆ వలయం ఉంటుంది.

"వడ్లు మాడ్చింది లిగాయాయేగా? ఇక ఇంటికి పొమ్మను!" అంది యజమానురాలు రెమెడియోస్.

లిగాయా గరిటె కింద పెట్టింది.

"ఆగండమ్మా," అంది సెవెరీనా. "బుట్టలో పేర్చేముందు గుడ్డును కనురెప్పకు ఆనించి వేడి చూడాల్సింది నేను. బద్ధకించాను. ఏడేళ్ల కిందటా బద్ధకించాను. అప్పుడూ ఈ వలయాలే. మీ కంటపడకుండా కాలవలో పారబోశాను."

"నాకు తెలుసక్కా. రెండు ఏరుకొచ్చి పగలగొట్టి చూశాను," అంది లిగాయా.

"మరి నోరెత్తలేదేమే?"

"నీ మాట ముందు నా మాట నిలిచేదా?"

రెమెడియోస్ పాడైన బుట్టను పక్కకు జరిపింది. సెవెరీనా లేచి, పీటను చేత్తో తుడిచి, లిగాయాను కూర్చోబెట్టి, పొయ్యి దగ్గరికి వెళ్లి గరిటె అందుకుంది.

వడ్లు వేగాక, పీట మీద నుంచి లిగాయా కేక వేసింది: "అక్కా, పేర్చేముందు గుడ్డు రెప్పకు ఆనించు!"

సెవెరీనా ఆనించింది. రెప్ప తడిగా ఉండటంతో వేడి తెలియడానికి కొంచెం సేపు పట్టింది.