బేసిక్‌కు చోటు లేదు

"పోటీల బేసిక్ ఉంటే నా పిల్లలు కూసోరు," అన్నాడు వేణుగోపాల్.

నోటీసు రాస్తున్న బాబురావు పెన్ను ఆగింది.

యాకుత్‌పురా స్టేషన్ దగ్గర, రేషన్ దుకాణం మీది గదిలో ఆయన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్. మొన్నమొన్నటిదాకా అక్కడ టైపు మిషన్లు టకటకలాడేవి. ఇది ఎనభై ఏడు వేసవి. కిందటేడు వాటి స్థానంలో రెండు కంప్యూటర్లు, వాటి కోసం ఒక కూలర్ వచ్చాయి. పిల్లలకు ప్రోగ్రాములు రాసే పోటీ పెడుతున్నాడు. ఏ ఏ భాషల్లో రాయనివ్వాలో ఇవాళ తేల్చి గోడకు అంటించాలి.

పోటీ ఊరికే కాదు. మలక్‌పేటలో కొత్త బ్రాంచి తెరుస్తున్నారు. ఫస్టు వచ్చినవాడు ఎవరి శిష్యుడైతే ఆ టీచరే అక్కడ ఇన్‌చార్జి. ఉన్న టీచర్లు ఇద్దరు. వేణుగోపాల్ ఆఫీసు లెక్కలకు పనికొచ్చే కోబాల్ చెబుతాడు. సూర్యప్రభ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నేర్చుకునే బేసిక్ చెబుతుంది. ఆమె వచ్చి ఏడాది కాలేదు.

చెప్పులు విప్పనిదే కంప్యూటర్ గదిలోకి ఎవరినీ రానివ్వరు. ఆమె క్లాసు నడిచేటప్పుడు ఆ చెప్పులు మెట్ల మీదుగా దిగి, కింద రేషన్ లైనులో నిలబడ్డవాళ్ల కాళ్లకు తగులుతుంటాయి. అతని క్లాసప్పుడు గడప పక్కనే సరిపోతాయి. వాటి మధ్య కాలు పెట్టడానికి చోటు వెతుక్కుంటూ పైకెక్కినప్పుడల్లా వేణుగోపాల్ వాటిని లెక్కపెట్టేవాడు. ఎవరూ చూడకపోతే ఒకటి రెండు జతలు కిందికి తన్నేవాడు కూడా. నలభై దాటిన మనిషి. మలక్‌పేట కుర్చీలో ఈ పిల్ల కూర్చుంటే ఆ పైన తనకు కుర్చీ ఏదీ లేదు.

"బేసిక్‌కు ఏమైంది భాయ్?" అన్నాడు బాబురావు.

"అది పిల్లలాట సార్. బ్యాంకుల ఎవడన్న బేసిక్ అడుగుతడా? గీ నోటీసు చూస్తే సికింద్రాబాద్ ఇన్‌స్టిట్యూటోళ్లు నవ్వుతరు."

అసలు సంగతి వేరు. ఒక చిన్న లెక్క బేసిక్‌లో నాలుగు లైన్లలో తేలిపోతుంది. కోబాల్లో అయితే ప్రోగ్రాం పేరేమిటో, మిషనేదో, ఏ అంకెకు ఎన్ని గళ్లో అన్నీ ముందే రాయాలి. లెక్క మొదలయ్యేసరికి పేజీ నిండుతుంది. అతని శిష్యుడు పేజీ తిప్పేలోపు ఆమె శిష్యుడు లెక్క ముగించి లేచి నిలబడతాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"కోబాల్ పిల్లలకు అరగంట ఎక్కువియ్యుండ్రి సార్, బరాబరైతది," అంది ఎదురు కుర్చీలో ఉన్న సూర్యప్రభ.

ఆమె మంచికే అంది. అతనికి కాలింది కూడా అందుకే.

"మాకు మీరు దానం చేసుడేంది మేడం? ఇంట్ల పొద్దుపోనోళ్లకు చెప్పుకోండ్రి మీ పాఠాలు. మాతోని పెట్టుకోకుండ్రి."

ఆమె తల దించుకుంది.

బాబురావు టైపు నేర్పి బతికిన మనిషి. కంప్యూటర్ను ఆన్ చేయడం, ఆపడం తప్ప ఆయనకేమీ రాదు. బేసిక్ పిల్లలే ఎక్కువ కదా, వాళ్లను వదిలేస్తే తల్లిదండ్రులు లొల్లి చెయ్యరా అని అడిగాడు. వేణుగోపాల్ దానికీ సిద్ధంగానే ఉన్నాడు. బేసిక్ అలవాటైనవాడికి కోబాల్ ఎప్పటికీ అబ్బదన్నాడు. ఆ పిల్లల గోలలో తన పిల్లలకు కీబోర్డు కూడా అందడం లేదన్నాడు. ఆ పిల్లల వేగం చూసి తనవాళ్లు బెదిరిపోతున్నారని మాత్రం అనలేదు.

"అంటే రెండు ఒక్క పోటీల కుదరవంటవ్," అన్నాడు బాబురావు.

"పోటీ సంగతి అటుంచుండ్రి సార్. ఒక్క రూముల కూడ కుదరవు. కలిపితే రెండూ ఖరాబైతయ్."

"పక్కానా?"

"పక్కా సార్. ఆఫీసులల్ల చేసొచ్చిన, నా మాట నమ్ముండ్రి."

నువ్వేమంటావన్నట్టు బాబురావు సూర్యప్రభ వైపు చూశాడు. ఈ పోటీ కోసమే తన పిల్లలు సెలవుల్లో కూడా వస్తున్నారని, ఇప్పుడు పేరు కొట్టేస్తే వాళ్లకు ఏ మొహం చూపించాలని ఆమె మెల్లగా అడిగింది. వేణుగోపాల్‌కు హాయిగా అనిపించింది.

బాబురావు నోటీసులో బేసిక్ అన్న మాట కొట్టేశాడు. ఒక గీత చాలదనుకున్నాడేమో, రెండోది కూడా గీశాడు.

వేణుగోపాల్ కుర్చీలో వెనక్కి వాలాడు. మనసు అప్పుడే మలక్‌పేట వెళ్లిపోయింది. రోడ్డువైపు కిటికీ, తలుపు మీద తన పేరు, కొత్త మిషన్లు. అన్నిటికన్నా ముందు, ఇక్కడ ఈ ఇరుకు గదిలో మిగిలిపోయిన సూర్యప్రభ.

"ఫికర్ చెయ్యకుండ్రి మేడం," అన్నాడు. "ప్రైజులిచ్చేనాడు చప్పట్లు కొట్టనీకి మీ పిల్లలను పిలుద్దాం."

ఆమె పుస్తకాలు తీసుకుని లేవబోయింది.

"కూసో అమ్మా," అన్నాడు బాబురావు. "వేణు సార్ చెప్పింది నాకు మంచిగ అర్థమైంది. పోటీల కోబాల్ ఒక్కటే ఉంటే గెలిచేది సార్ పిల్లగాడే, ఇగ అండ్ల తేల్చేదేముంది. రెండు ఒక్క రూముల కుదరవన్నది కూడ నిజమే."

సొరుగు లాగి తాళాల గుత్తి బయటికి తీశాడు. వేణుగోపాల్ చెయ్యి చాచాడు.

బాబురావు దాన్ని ఆ చెయ్యి మీదుగా సూర్యప్రభకు అందించాడు. "కోబాల్ సార్‌తోని ఇక్కడ్నే ఉంటది. పిల్లలు ఎక్కువున్నది నీకు, నువ్వు బేసిక్‌ను తీసుకొని మలక్‌పేటకు పో, అక్కడ ఇన్‌చార్జివి నువ్వే."