ఫిల్ములో జామకాయ

“ఎవరిదన్నా సరే భాయ్, రోగం లేనోళ్ళ ఫిల్ము ఒకటియ్యి,” అన్నాడు నర్సింహ.

స్కానింగ్ సెంటర్‌లో పనిచేసే రామ్‌చందర్ తలుపు వైపు చూశాడు. బయట బెంచీ మీద నర్సింహ భార్య సక్కుబాయి, తన తల్లి చంద్రమ్మ భుజానికి ఆనుకుని కూర్చుంది. నిరుడు సక్కుబాయి ఆపరేషన్ నాడు నర్సింహ బస్సు డిపోలో డ్యూటీలో ఉంటే దగ్గరున్నది చంద్రమ్మే. “కడుపుల గడ్డ తీసేసిండ్రు బిడ్డా,” అని అల్లుడికి చెప్పిందీ ఆమే.

ఆ గడ్డ మళ్ళీ వచ్చింది. కాలేయం దాకా పాకింది. ఇక ఇంటి దగ్గరే ఉంచుకొమ్మని డాక్టరు నర్సింహ ఒక్కడికే చెప్పాడు.

“వదినకు అబద్ధం చెప్తవా అన్నా?”

“ఏం జెయ్యమంటవ్? నా ఫిల్ము నేనే చూస్తనని ఒకటే లొల్లి. ఉన్నన్ని దినాలన్న నవ్వుకుంట ఉండనీ.”

రామ్‌చందర్ సొరుగులోంచి ఎవరో మరిచిపోయిన ఫిల్ము తీశాడు. పేరున్న చీటీని గోటితో గీకేశాడు. బూడిదరంగులో జామకాయలా ఉన్నదాని మీద వేలు పెట్టాడు.

“ఇది గర్భసంచి. ఒక్క మచ్చ లేదు. అడిగితే గింతే చెప్పు.”

బయట చినుకులు పడుతున్నాయి. తడవకుండా ఫిల్మును పాత కవరులో పెట్టి మరీ ఇచ్చాడు.

ఛత్రినాకలో ఇల్లు చేరగానే సక్కుబాయి దాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుంది.

“గీ జామకాయ లెక్క ఉన్నదేందయ్యా?”

“గర్భసంచి. మస్తు సాఫ్ ఉందట. ఇగ ఫికర్ లేదు పో.”

ఆమె ఫిల్మును దించలేదు. అబద్ధం గట్టిపడాలని అతను ఇంకో మాట కలిపాడు.

“అమ్మవారు దయ తలిస్తే పోరడో, పోరో... వచ్చే బోనాలకు తొట్టెల కడతనని మొక్కిన.”

అంటుంటే అతనికే నిజమనిపించింది.

“అయ్యో బిడ్డా, అది...” అనబోయింది చంద్రమ్మ. సక్కుబాయి తల్లి చెయ్యి గట్టిగా నొక్కింది. ఫిల్మును మళ్ళీ చూసింది. నవ్వింది.

“అవునయ్యా, మస్తు సాఫ్ ఉంది. తొట్టెలకు రంగు కాయితాలు నేనే కోస్త. పొద్దట్నుంచి చాయ్ తాగలే నువ్వు, కూసో.”

చాయ్ తాగి, తేలికపడ్డ మొహంతో నర్సింహ డ్యూటీకి వెళ్ళాడు. సక్కుబాయి ఆ ఫిల్మును పెళ్ళిచీర మడతలో దాచుకుంది.

నిరుడు గడ్డతో పాటు ఆమె గర్భసంచినీ తీసేశారు.