వెనక్కి తీసుకోని బయానా

నరసింహమూర్తి తాను తీసుకున్న బయానా డబ్బు సంచిని తిరిగి తెచ్చి సువార్త ముందు పెట్టాడు. "ఏమీ అనుకోకమ్మా. నా ఇంటికి ఇంకొకాయన మీకంటే ఐదు లక్షలు ఎక్కువిస్తానంటున్నాడు."

సువార్త భర్త తీతు వచ్చే నెల రిటైరవుతాడు. ఈ కంపెనీ క్వార్టరు ఖాళీ చెయ్యాలి. సువార్త తన గొలుసు అమ్మైనా ధర పెంచుదామనుకుంది. ఎన్నడూ ఎవరికీ ఎదురుచెప్పని తీతు ఎలాగూ తలూపుతాడు.

"రూపాయి గూడ పెంచం," అన్నాడు పక్కనే నిలబడ్డ తీతు.

"అయితే ఇది తీసుకోండి."

"తీసుకోం. అమ్మకం కాయితం మీద మీ సంతకం ఉన్నది. గడువు రోజు మిగిలిన పైసలు పట్టుకొని రిజిస్ట్రేషన్ ఆఫీసు కాడ ఉంట. మీరు రాకుంటే కోర్టుకు పోత."

"కోర్టంటే ఏళ్లు పడుతుందయ్యా. ఈ వయసులో ఆ మెట్లెక్కగలవా?"

"ముప్పై ఐదేండ్లు బొగ్గుబాయిల దిగిన, ఎక్కిన. కోర్టు మెట్లు నాకొక లెక్కనా సారూ?"

నరసింహమూర్తి సువార్త వైపు చూశాడు, ఆమైనా నచ్చజెబుతుందని.

సువార్త సంచిని ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

తీతు కుర్చీలో కూలబడ్డాడు. "ఎక్కువ మాట్లాడిన్నా?"

"లేదు," అంటూ సువార్త పక్కన కూర్చుంది. "కోర్టుకు నేను గూడ వస్త."