ఆ మూడు నిలువు వరుసలు

"మీ ఐదుగురు ఉపాధ్యాయుల్లో ఒకర్ని ఎడారి అంచునున్న మన కాలేజీ శాఖకి పంపాలి ఉస్తాద్. పిల్లలు ఎవర్ని వద్దంటే వాళ్లే. పిల్లలు వేసిన అంకెలు ఫైల్లో ఉన్నాయి. మనిషికో సగటు కట్టి పట్రండి," అంది శాఖాధిపతి నజీహా.

స్ఫాక్స్ ఊరి కాలేజీలో ఆర్ అనే కంప్యూటర్ భాషతో గణాంకాలు నేర్పే హమ్మాదీ ఆ ఐదుగురిలో ఒకడు. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే.

ఫైలు తెరిచాడు. ఉపాధ్యాయుడికో అడ్డువరుస, ప్రశ్నకో నిలువు వరుస. మొత్తం పన్నెండు ప్రశ్నలు. అడ్డువరుసల సగటు కట్టే రోమీన్స్ అన్న ఒక్క ఆజ్ఞ కొట్టగానే అడ్డువరుసకో సగటు పడింది. ఐదుకి తనకొచ్చింది 1.9. అందరికన్నా తక్కువ.

'ఓపిగ్గా చెబుతారా?' అన్నచోట 1.0. అంటే వందమందిలో ఒక్కరికీ రెండు వేయడానికి చెయ్యి రాలేదన్నమాట. గ్రాఫు అర్థంకాక ఏడ్చిన రిహాబ్‌కి నాలుగుసార్లు విప్పి చెప్పాడే, ఆ పిల్లా ఒకటే! హమ్మాదీకి నిజంగానే ఏడుపొచ్చింది. ఇరవై రెండేళ్లు గొంతు చించుకున్నది ఇందుకా?

భార్య సల్హాకి ఫోన్ చేశాడు.

"పోతే పొండి. నా కుట్టుమిషన్లు మాత్రం ఈ ఊరు దాటవు," అందావిడ. "రొట్టెకి హరీసా కారం రాసుకోవడమైనా వచ్చా మీకు?"

రాదు. అందుకే మళ్లీ ఫైలు ముందు కూర్చున్నాడు.

పన్నెండు వరుసలూ కలపాలని ఎవరన్నారు? కావలసినవి ఎంచుకుని వాటికే సగటు కట్టొచ్చు. రెండూ ఐదూ తీసుకున్నాడు, లాభం లేదు. ఒకటీ ఆరూ ఎనిమిదీ, ఇంకా ఘోరం. పదో గ్లాసు పుదీనా టీకి దొరికాయి: బోర్డు మీద రాత, క్లాసుకి రావడం, పేపర్లు దిద్దడం. ఫార్మసీవాడు కూడా చదవలేని తన రాతకి 4.7! పిల్లలకి కాస్త కళాదృష్టి ఉందని మురిసిపోయాడు.

ఆ మూడింటి సగటు 4.6. అందరికన్నా పైన తనే.

ఏ వరుసలు తీసుకున్నావని అడిగేవాళ్లు ఆ కాలేజీలో లేరు. అలా అడగడం నేర్పాల్సినవాడు తనే మరి.

మర్నాడు నజీహా ఆ కాగితం రెండుసార్లు చదివింది. ఆమె మొహం వాడిపోయింది.

"మీరని అస్సలు అనుకోలేదు ఉస్తాద్. లెక్క సరిగ్గానే కట్టారా?"

"దశాంశాలతో సహా," అన్నాడు హమ్మాదీ, వినయంగా తల వంచి. "అంతా పిల్లల అభిమానం."

"అభిమానమా? పిల్లలకిచ్చిన ఫారం మీరసలు చూశారా?"

"లేదు. ఏం?"

నజీహా ఖాళీ ఫారం ఒకటి తీసి, పైనున్న చిన్న అక్షరాల మీద వేలు పెట్టి చదివింది: "ఒకటి అంటే అద్భుతం, ఐదు అంటే ఘోరం."